ఎన్నడూ కలవని ఇద్దరు చిత్రకారులు ఒకే సింహాసనం ముందు

మధ్యలో ఎత్తైన ఆసనం మీద ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఆమె కళ. ఆమె ముందు ఇద్దరు మగవాళ్లు మోకరిల్లి ఉన్నారు. ఒకరు ఇటలీ చిత్రకారుడు రఫాయేల్, మరొకరు జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్. రఫాయేల్ వెనక రోమ్ నగరం, డ్యూరర్ వెనక న్యూరెంబర్గ్. ఇదంతా రాగి రేకు మీద గీసి కాగితం మీద అచ్చు వేసిన బొమ్మ, అంటే ఎచింగ్. రంగుల్లేవు, నలుపు గీతలు మాత్రమే.

మొదటిసారి చూస్తే ఇద్దరు పెద్దలకు చేసిన సన్మానంలా ఉంటుంది, అంతే. కాసేపు నిలబడి చూస్తే ప్రశ్నలు మొదలవుతాయి. ఈ ఇద్దరూ జీవితంలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు. మరి ఒకే చోటికి ఎలా వచ్చారు? సన్మానం వీళ్లకే అయితే సింహాసనం మీద కూర్చున్నది వేరే ఎవరో ఎందుకు? రినైజాన్స్ (యూరప్ కళల పునరుజ్జీవన కాలం) మహామహులంటే ముందు గుర్తొచ్చే మైకెలాంజెలో, లియొనార్డో ఇందులో ఎందుకు లేరు?

నా ఉద్దేశంలో ఇలాంటి బొమ్మను అర్థం చేసుకోవాలంటే పొగడ్త అందుకుంటున్న వాళ్లకన్నా పొగుడుతున్న వాళ్ల గురించి ఎక్కువ తెలుసుకోవాలి. ఇందులో మూడు కాలాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. రఫాయేల్ 1520లో, డ్యూరర్ 1528లో చనిపోయారు. వాళ్లను ఇలా ఊహించి గీసిన జర్మన్ చిత్రకారుడు ఫ్రాంజ్ ప్ఫోర్ 1810 ప్రాంతంలో ఇరవై రెండేళ్ల కుర్రవాడు. ఆ కల్పనను కార్ల్ హోఫ్ ఎచింగ్‌గా మార్చింది 1832లో. అప్పటికి ప్ఫోర్ చనిపోయి ఇరవై ఏళ్లు. ఈ మూడు పొరలనూ విడదీస్తే తప్ప బొమ్మ విప్పుకోదు.

ఆ ఇద్దరి మధ్య నిజంగా జరిగింది

కలవలేదన్నాను కానీ, ఒకరి పని మరొకరికి బాగా తెలుసు. రఫాయేల్ పుట్టింది 1483లో ఉర్బినోలో. డ్యూరర్ 1471లో న్యూరెంబర్గ్‌లో. డ్యూరర్ 1505 నుంచి 1507 దాకా వెనిస్‌లో ఉన్నాడు. రఫాయేల్ 1508లో రోమ్ చేరాడు. దారులు కలవలేదు, కాగితాలు కలిశాయి. డ్యూరర్ చెక్కమీద, రాగిమీద చెక్కి అచ్చువేసిన బొమ్మలు అప్పటికే యూరప్ అంతా తిరుగుతున్నాయి. రఫాయేల్ తన పనిచేసే చోట డ్యూరర్ అచ్చుబొమ్మలు పెట్టుకునేవాడని లొదొవికో దోల్చే అనే 16వ శతాబ్దపు ఇటాలియన్ రచయిత రాశాడు.

చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన ఇటాలియన్ వసారి చెప్పిన కథ ఇంకా బాగుంటుంది. డ్యూరర్ తన ముఖాన్ని తానే చాలా సన్నటి బట్ట మీద గీసి రఫాయేల్‌కు పంపాడట. బట్ట ఎంత సన్నమంటే బొమ్మ రెండు వైపుల నుంచీ కనిపించేదట. తెలుపు రంగు ఎక్కడా వాడలేదు, వెలుగు పడాల్సిన చోట బట్టనే ఖాళీగా వదిలేశాడు. రఫాయేల్ అది చూసి ఆశ్చర్యపోయి బదులుగా తన డ్రాయింగులు పంపాడు. రఫాయేల్ తర్వాత ఆ బట్ట అతని శిష్యుడు జూలియో రొమానోకి చేరింది, మాంటువాలో అతని దగ్గర తాను చూశానని వసారి అంటాడు. అది ఇప్పుడు లేదు.

రఫాయేల్ వైపు నుంచి వచ్చిన కాగితం మాత్రం మిగిలింది. వియన్నాలోని ఆల్బెర్టీనా మ్యూజియంలో ఉంది. ఎర్ర సుద్దతో గీసిన ఇద్దరు నగ్న పురుషులు. దాని మీద డ్యూరర్ స్వహస్తాలతో 1515 అని వేసి, జర్మన్‌లో రెండు మూడు పంక్తులు రాసుకున్నాడు. పోప్ దగ్గర అంత గౌరవం పొందిన ఉర్బినో వాడు రఫాయేల్ ఈ నగ్న రూపాలు గీసి, తన చేయి ఎలాంటిదో చూపడానికి న్యూరెంబర్గ్‌లోని ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్‌కు పంపాడు అని దాని సారాంశం. అవి నిజంగా రఫాయేల్ గీసినవా, అతని వర్క్‌షాపులో శిష్యుడెవరైనా గీసినవా అన్న చర్చ నేటికీ ఉంది. డ్యూరర్‌కు మాత్రం ఆ అనుమానం లేదు. తన పేరును మూడో వ్యక్తి పేరులాగా, ఒక దస్తావేజులో రాసినట్టు రాసుకున్నాడు. ఇది భద్రంగా ఉండాలి, రేపటి వాళ్లకు తెలియాలి అనుకున్న మనిషి చేతిరాత అది.

1515 అంటే గుర్తొచ్చింది. డ్యూరర్ ప్రసిద్ధమైన ఖడ్గమృగం బొమ్మ చెక్కింది కూడా ఆ సంవత్సరమే. ఆ జంతువు మన దేశం నుంచి వెళ్లింది. గుజరాత్ సుల్తాను పోర్చుగీసు వాళ్లకిస్తే అది గోవా మీదుగా లిస్బన్ చేరింది. డ్యూరర్ దాన్ని కళ్లారా చూడలేదు, లిస్బన్ నుంచి వచ్చిన వర్ణన, స్కెచ్ చూసి గీశాడు. పోర్చుగల్ రాజు ఆ ఖడ్గమృగాన్ని పోప్ పదో లియోకు కానుకగా పంపితే దారిలో ఓడ మునిగిపోయింది. అంతకు ముందు అదే రాజు పంపిన హాన్నో అనే భారతీయ ఏనుగు మాత్రం రోమ్ చేరింది. 1516లో అది చనిపోతే దాని స్మారక చిత్రం వేసింది రఫాయేల్. అక్కడ హంపిలో శ్రీకృష్ణదేవరాయలు ఏలుతున్న రోజుల్లో, ఈ ఇద్దరి పనిలోకీ మన అడవి జంతువులు ఇలా వెళ్లాయి.

1520లో రఫాయేల్ చనిపోయాడు. ఆ ఏడాదే డ్యూరర్ నెదర్లాండ్స్ ప్రయాణంలో ఉన్నాడు. ఖర్చులు, కానుకలు, భోజనాలు అన్నీ రాసుకునే అలవాటు ఉండబట్టి మనకు ఒక సంగతి తెలిసింది. ఆంట్వెర్ప్‌లో బొలోన్యా వాడైన తొమ్మాసో అనే రఫాయేల్ శిష్యుడు డ్యూరర్‌ను వెతుక్కుంటూ వచ్చి రాయి పొదిగిన పాతకాలపు బంగారు ఉంగరం ఇచ్చాడు. డ్యూరర్ తన మంచి అచ్చుబొమ్మలు ఇచ్చాడు. తర్వాత తన అచ్చుబొమ్మల పూర్తి సెట్టు ఇచ్చి, దాన్ని రోమ్‌కు పంపి బదులుగా రఫాయేల్ పనులు తెప్పించమన్నాడు. రఫాయేల్ చనిపోయాక అతని వస్తువులన్నీ చెల్లాచెదురయ్యాయని ఆ డైరీలోనే ఉంది. అభిమానం, విషాదం ఏదీ పెద్ద మాటల్లో లేదు. లెక్కల మధ్య నుంచి మనమే ఏరుకోవాలి.

ఇంకో సంగతి. ఇద్దరూ చనిపోయింది ఒకే తేదీన, ఏప్రిల్ 6. ఎనిమిదేళ్ల తేడాతో. ఊహకూ అనుభూతికీ పెద్దపీట వేసిన రొమాంటిక్ ఉద్యమ కాలపు జర్మన్ కుర్రాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

కలలో పట్టుకున్న చేతులు

ఇంత సంబంధం ఉన్నా, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టిన బొమ్మ వాళ్ల కాలం నాటిది కాదు. ఆ ఊహ పుట్టింది ఒక చిన్న పుస్తకంలో. 1796 చివర్లో బెర్లిన్‌లో రచయిత పేరు లేకుండా ఒక పుస్తకం వచ్చింది. కళను ప్రేమించే ఒక సన్యాసి మనసులోంచి పొంగిన మాటలుగా చెప్పుకున్న పుస్తకం అది. రాసింది విల్‌హెల్మ్ హైన్‌రిష్ వాకెన్‌రోడర్, కొంత భాగం అతని మిత్రుడు లుడ్‌విగ్ టీక్. అందులో డ్యూరర్‌ను స్మరించుకునే అధ్యాయంలో ఒక కల ఉంది. అర్ధరాత్రి ఒక చిత్రశాలలో చనిపోయిన చిత్రకారులంతా తమ తమ బొమ్మల ముందు నిలబడి చూసుకుంటున్నారు. వాళ్లలో రఫాయేల్, డ్యూరర్ చేయీ చేయీ పట్టుకుని, పక్కపక్కన ఉన్న తమ చిత్రాలను మౌనంగా చూస్తున్నారు.

వాకెన్‌రోడర్ 1798లో ఇరవై నాలుగేళ్లకే పోయాడు. కానీ ఆ కల జర్మన్ కళాశాలల్లోకి వెళ్లిపోయింది. కళ నైపుణ్యం కాదు, ఒక రకమైన ప్రార్థన అని ఆ పుస్తకం చెప్పిన మాట, కుర్ర చిత్రకారులకు నేరుగా తగిలింది.

ఎందుకు తగిలిందో తెలియాలంటే వియన్నా వెళ్లాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన ఫ్రాంజ్ ప్ఫోర్, ల్యూబెక్‌కు చెందిన ఫ్రీడ్‌రిష్ ఓవర్‌బెక్ అక్కడి చిత్రకళా అకాడమీ విద్యార్థులు. ప్లాస్టర్ విగ్రహాలు చూసి గీయడం, మోడల్ నిలబడిన పోజును నున్నగా దించడం, వెలుగునీడలు తూచినట్టు వేయడం, ఇదీ అక్కడి చదువు. చేయి తిరుగుతుంది, మనసుకు పని ఉండదు. వాళ్ల గోడు అదే. 1809 జూలై 10న ఈ ఇద్దరూ మరో నలుగురూ కలిసి ఒక సోదరమండలి పెట్టుకున్నారు. మేరీమాత బొమ్మ గీశాడని క్రైస్తవులు నమ్మే సెయింట్ ల్యూక్ పేరు దానికి పెట్టారు. చిత్రకారులకు ఆయన రక్షకుడు.

ఆ తేదీ చుట్టూ ఏం జరుగుతోందో చూడండి. 1806లో నెపోలియన్ దెబ్బకు, వందల ఏళ్లుగా ఉన్న పవిత్ర రోమన్ సామ్రాజ్యం రద్దయింది. అదే ఏడాది స్వతంత్ర నగరంగా ఉన్న న్యూరెంబర్గ్ బవేరియాలో కలిసిపోయింది. 1809 మేలో ఫ్రెంచి సైన్యం వియన్నాలోకి వచ్చింది, అకాడమీ మూతపడింది. మళ్లీ తెరిచాక బయటి రాష్ట్రాల విద్యార్థులకు చోటు దొరకలేదు. 1810లో నలుగురు మిత్రులు రోమ్‌కు బయల్దేరారు. అక్కడ కూడా ఫ్రెంచి పాలనే. పోప్ ఏడో పయస్‌ను అప్పటికే బందీగా తీసుకుపోయారు. మఠాలు ఖాళీ చేయించారు. అలా ఖాళీ అయిన సాంత్ ఇసిదోరో మఠంలోనే ఈ కుర్రాళ్లు అద్దెకు దిగారు. సన్యాసులు ఉండిన గదుల్లో ఒక్కొక్కరు, సాయంత్రాలు అందరూ కూర్చుని గీసుకోవడం. పొడుగు జుట్టు, వేషధారణ చూసి రోమ్ జనం వాళ్లను నజరేనులు, అంటే నజరేతు యేసు లాంటివాళ్లు, అని పిలవడం మొదలెట్టారు. ఎగతాళిగా పెట్టిన ఆ పేరే కళాచరిత్రలో స్థిరపడింది.

జర్మనీ అనే దేశం అప్పటికి లేదు. ఉన్నవి ముక్కలు. ఆ ముక్కల్లోంచి వచ్చిన కుర్రాళ్లు, పోప్ లేని రోమ్‌లో, సన్యాసులు లేని మఠంలో కూర్చుని కళకు సింహాసనం వేశారు. రాజ్యాలు పోయిన చోట వాళ్లకు నిలబడటానికి ఒక గద్దె కావాలి. ఆ గద్దె మీద రాజును కూర్చోబెట్టలేదు. నా దృష్టిలో ఈ బొమ్మ గుండెకాయ అక్కడే ఉంది.

ఆ స్త్రీ ఎవరు?

కళ సింహాసనం మీద స్త్రీ రూపంలో కూర్చుంది అనగానే మనకు సరస్వతి గుర్తొస్తుంది. సాయపడే పోలికే, కానీ కొంత దూరమే. సరస్వతికి పూజ ఉంది, గుడి ఉంది, బాసరలో అక్షరాభ్యాసం ఉంది. యూరప్ చిత్రాల్లో కనిపించే ఇలాంటి స్త్రీలకు అవేవీ లేవు. న్యాయం, కీర్తి, సత్యం, చిత్రకళ, ఇలా ఒక భావాన్ని మనిషిగా చేసి చూపడం అక్కడి పద్ధతి. ఎవరి చేతిలో ఏం పెట్టాలి, ఏ బట్ట కట్టాలి అని చెప్పే కైపుస్తకాలు కూడా ఉండేవి. అందులో అన్నిటికన్నా పేరున్నది చేసారె రీపా 1593లో వేసినది. రీపా చెప్పిన చిత్రకళ అందమైన స్త్రీ. జుట్టు నల్లగా చెదిరి ఉంటుంది, నోటికి గుడ్డ కట్టి ఉంటుంది, మెడలో గొలుసుకు ఒక ముసుగు ముఖం వేలాడుతుంది. నోటి గుడ్డ ఎందుకంటే చిత్రం మాట్లాడదు. ముసుగు ఎందుకంటే చిత్రం అనుకరిస్తుంది. రెండు శతాబ్దాల పాటు చిత్రకారులను పొగిడే అచ్చుబొమ్మల్లో ఈ స్త్రీ రకరకాలుగా తిరిగింది. ఆమె పక్కన బాకా ఊదే కీర్తి, రెక్కలూ కొడవలీ ఉన్న కాలం, పామును తొక్కుతున్న సుగుణం. కోడు తెలిసినవాడికి పుస్తకంలా చదువుకోవచ్చు, తెలియనివాడికి అంతా గందరగోళం.

ప్ఫోర్ ఆ కోడును పక్కన పెట్టాడు. అతని సింహాసనం కైపుస్తకంలోంచి వచ్చింది కాదు, చర్చి పూజాపీఠం మీది చిత్రాల్లోంచి వచ్చింది. మధ్యలో మేరీమాత, అటూ ఇటూ మోకరిల్లిన భక్తులు, ఈ అమరిక ఇటలీలోనూ జర్మనీలోనూ వందల చిత్రాల్లో ఉంది. డ్యూరర్ తానే 1506లో వెనిస్‌లో, జర్మన్ వ్యాపారుల చర్చి కోసం గులాబీ దండల పండుగ చిత్రం వేశాడు. మధ్యలో మేరీ, ఒక పక్క మోకాళ్ల మీద పోప్, మరో పక్క చక్రవర్తి మాక్సిమిలియన్. వెనక చెట్టు కింద డ్యూరర్ తానే చేతిలో కాగితంతో నిలబడి ఉంటాడు. ఆ చిత్రం ఇప్పుడు ప్రాగ్‌లో ఉంది. రఫాయేల్ గీసిన సిస్టీన్ మడోన్నా (మడోన్నా అంటే మేరీమాత చిత్రం) 1754 నుంచి డ్రెస్‌డెన్‌లో ఉంది. మేఘాల మీద మేరీ, ఒక పక్క పోప్ సిక్స్‌టస్, మరో పక్క సెయింట్ బార్బరా.

ఇప్పుడు ఎచింగ్ దగ్గరికి మళ్లీ రండి. మేరీ ఉండాల్సిన చోట కళ. పోప్, చక్రవర్తి, సాధువులు మోకరిల్లే చోట ఇద్దరు పనివాళ్లు. ఎంత పెద్ద మార్పు! ఒక పక్క చూస్తే చాలా వినయం, ఎందుకంటే మహాచిత్రకారులు కూడా తమకన్నా గొప్పదాని ముందు వంగి ఉన్నారు. మరో పక్క చూస్తే చాలా ధైర్యం. చక్రవర్తుల వరసలో చిత్రకారులను కూర్చోబెట్టడం, మతం కూర్చునే ఆసనం మీద కళను కూర్చోబెట్టడం. ఈ రెండూ ఒకే గీతలో ఉన్నాయి. ఇలాంటి నివాళి బొమ్మల్లో సాధారణంగా చిత్రకారుడి తల మీద లారెల్ దండ పెడతారు, అతని విగ్రహాన్ని పీఠం ఎక్కిస్తారు. ఇక్కడ అతన్ని నేల మీదికి దించి పొగిడారు. ఈ ఎంపిక వల్లే ఆ రకం బొమ్మల మధ్య ఇది నాకు ప్రత్యేకంగా కనిపిస్తుంది.

మైకెలాంజెలో లేకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉందనిపిస్తుంది. ప్ఫోర్, ఓవర్‌బెక్ లాంటి వాళ్లకు నచ్చింది తొలి రోజుల రఫాయేల్, సాదాగా, స్పష్టమైన గీతతో, భక్తితో గీసిన రఫాయేల్. మెలితిరిగిన కండలు, చూసినవాణ్ని అదరగొట్టే బలం వాళ్ల ఆదర్శానికి దూరం. మోకరిల్లిన మైకెలాంజెలోను ఊహించడం ఎవరికైనా కష్టమే. నిజం చెప్పాలంటే డ్యూరర్‌ను అలా ఊహించడం కూడా అంత తేలిక కాదు. 1500లో వేసుకున్న స్వీయచిత్రంలో ఆయన క్రీస్తు రూపాన్ని తలపించేలా ఎదురుగా, పొడుగు జుట్టుతో, సూటిగా చూస్తూ ఉంటాడు. తన పనికి తగ్గ విలువ అడిగి తీసుకోవడంలో, తన పేరు కాపాడుకోవడంలో పట్టుదల ఉన్న మనిషి. మార్కాంతొనియో రైమొండి అనే ఇటాలియన్, డ్యూరర్ చెక్కబొమ్మలను రాగి మీద నకలు చేసి ఆయన ఏ, డీ అక్షరాల గుర్తుతో సహా అమ్మితే, డ్యూరర్ వెనిస్ పాలకుల దగ్గర ఫిర్యాదు చేశాడని, కనీసం ఆ గుర్తు వాడకుండా ఆపగలిగాడని వసారి రాశాడు. విచిత్రం ఏమిటంటే, అదే మార్కాంతొనియో తర్వాత రోమ్‌లో రఫాయేల్ డ్రాయింగులను అచ్చువేసే ముఖ్యమైన మనిషి అయ్యాడు. ఇద్దరి మధ్య అసలైన వంతెన అతను. నివాళి బొమ్మలో అలాంటి వాళ్లకు చోటుండదు. వ్యాపారం, తగాదా, డబ్బు అన్నీ తుడిచేసి భక్తిని మాత్రం ఉంచుతారు. ఇది తప్పని నేననను. చరిత్రను ఈ బొమ్మలోంచి నేర్చుకోకూడదని మాత్రం అంటాను.

ఎచింగే ఎందుకు?

రాగి రేకును నునుపు చేసి, దాని మీద మైనం కలిసిన పూత పలచగా పూస్తారు. పొగ పట్టించి నల్లగా చేస్తారు. సూదితో ఆ పూత మీద గీస్తే గీసిన చోట రాగి మెరుస్తుంది. తర్వాత రేకును ఆమ్లంలో ముంచుతారు. పూత ఉన్న చోటును ఆమ్లం ముట్టుకోదు, గీత ఉన్న చోట రాగిని తినేస్తుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతుగా, ముదురుగా వస్తుంది. ఆ తర్వాత పూత తీసేసి, సిరా పూసి, పైన తుడిచేస్తే సిరా గీతల్లో మాత్రమే మిగులుతుంది. తడిపిన కాగితం వేసి ప్రెస్‌లో గట్టిగా నొక్కితే కాగితం ఆ గాడిలోకి దిగి సిరాను లాక్కుంటుంది. బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది కాబట్టి చేసేవాడు ముందే తిప్పి ఆలోచించుకోవాలి.

రాగిని ఉలితో చెక్కే ఎన్‌గ్రేవింగ్‌కు ఏళ్ల సాధన కావాలి, ఎచింగ్‌లో మాత్రం సూది పెన్నులా నడుస్తుంది. డ్రాయింగ్‌లోని చేతి కదలిక అలాగే నిలుస్తుంది. డ్యూరర్ కూడా 1515 నుంచి 1518 మధ్య ఇనుప రేకుల మీద ఆరు ఎచింగులు చేసి వదిలేశాడు. ప్ఫోర్ తరం నాటికి గీత ఒక్కటే చాలన్న అభిరుచి బలపడింది. 1793లో ఇంగ్లిష్ శిల్పి జాన్ ఫ్లాక్స్‌మన్ హోమర్ కావ్యాలకు వేసిన బొమ్మలు దానికి దారి తీశాయి. నీడలు లేకుండా అంచు గీతలతోనే మనిషి రూపం నిలబెట్టడం చూసి జర్మన్లు ఊగిపోయారు. రీపెన్‌హౌజెన్ సోదరులు 1816లో రఫాయేల్ జీవితాన్నే వరస ఎచింగులుగా వేశారు. మసకబార్చిన వెలుగునీడలు అకాడమీ మాయ, శుభ్రమైన గీత నిజాయితీ, ఇదీ ఆ కుర్రాళ్ల నమ్మకం. కాబట్టి వాళ్ల ఆలోచనకు ఎచింగ్ సరిగ్గా సరిపోయే రూపం.

అంతకన్నా ముఖ్యమైన కారణం చావు. ప్ఫోర్ రోమ్ చేరి రెండేళ్లు తిరగకుండానే, 1812 జూన్ 16న, క్షయతో అల్బానోలో చనిపోయాడు. వాకెన్‌రోడర్ లాగే ఇరవై నాలుగేళ్లు. పూర్తిచేసిన పెయింటింగులు తక్కువ. చనిపోయే ముందు ఓవర్‌బెక్ కోసం షులమిత్, మరియా అనే చిన్న జంట చిత్రం వేశాడు. ముప్ఫై నాలుగు సెంటీమీటర్ల ఎత్తు, అంతే. ఎడమ వైపు తోటలో బిడ్డతో షులమిత్, ఇటలీ మడోన్నాలా. కుడి వైపు గదిలో ఒంటరిగా జడ వేసుకుంటున్న మరియా. ఆ గది డ్యూరర్ 1514లో చెక్కిన సెయింట్ జెరోమ్ గదికి చుట్టంలా ఉంటుంది. షులమిత్ ఓవర్‌బెక్ ఊహించుకున్న భార్య, మరియా ప్ఫోర్ ఊహించుకున్న భార్య. ఇద్దరు స్నేహితులు, రెండు దేశాలు, రఫాయేల్, డ్యూరర్ అన్నీ ఆ రెండు చిన్న భాగాల్లో ఒక్కటైపోయాయి. సింహాసనం ముందు మోకరిల్లిన ఇద్దరి ముఖాల వెనక ఎవరున్నారో ఈ చిత్రం చూశాక అర్థమవుతుంది. రఫాయేల్ స్థానంలో ఓవర్‌బెక్, డ్యూరర్ స్థానంలో ప్ఫోర్. తాము ఎలా ఉండాలనుకున్నారో ఆ రూపాన్ని గురువుల మీద వేసి చూసుకున్నారు.

దీనికి జవాబుగా ఓవర్‌బెక్ తన చిత్రం 1811లోనే మొదలుపెట్టాడు. స్నేహితుడు పోయాక పక్కన పెట్టేశాడు. 1828లో పూర్తిచేశాడు, అప్పటికి దాని పేరు ఇటాలియా, గెర్మానియా. ఇద్దరు స్త్రీలు, ఒకరి చేతిని మరొకరు పట్టుకుని తలలు దగ్గరగా పెట్టుకుని ఉంటారు. మ్యూనిక్‌లో ఉంది.

ఇక 1829లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కళాసంఘం ఏర్పడింది. తమ ఊరివాడు, చిన్న వయసులో పోయినవాడు అని, ప్ఫోర్ వదిలిపోయిన డ్రాయింగులను అచ్చుబొమ్మల సంపుటంగా తేవాలనుకున్నారు. 1832 నుంచి అవి వచ్చాయి. కార్ల్ హోఫ్ ఎచింగ్ ఆ ప్రయత్నంలోదే. అంటే రఫాయేల్‌కూ డ్యూరర్‌కూ ప్ఫోర్ చేసిన నివాళి, అచ్చయ్యే నాటికి ప్ఫోర్‌కే నివాళి అయింది. వేరే చేయి, వేరే సూది, మృతుడి గీతను జాగ్రత్తగా రాగి మీద మళ్లీ నడిపింది. మనం ఆ కల్పనను చూస్తున్నది ఈ రెండో చేతి ద్వారానే.

పండుగ, సమాధి, పుస్తకం

మధ్యలో 1828 వచ్చింది. డ్యూరర్ చనిపోయి మూడు వందల ఏళ్లు. ఏప్రిల్ 6, 7 తేదీల్లో న్యూరెంబర్గ్‌లో పెద్ద ఉత్సవం చేశారు. చిత్రకారులు జొహానిస్ శ్మశానంలో డ్యూరర్ సమాధి దగ్గరికి వెళ్లారు. విగ్రహానికి శంకుస్థాపన జరిగింది. క్రిస్టియాన్ డానియేల్ రౌఖ్ చేసిన ఆ కంచు విగ్రహం 1840లో ఆవిష్కరించారు. టౌన్‌హాల్లో వెనక దీపాలు పెట్టి వెలిగించే పెద్ద తెరల మీద డ్యూరర్ జీవిత ఘట్టాలు వేశారు. మఠం గదుల్లో కొందరు మిత్రుల మధ్య పుట్టిన భక్తి ఇప్పుడు ఊరంతటి పండుగ. ఇక్కడి నుంచి డ్యూరర్ జర్మన్ జాతికి ప్రతీకగా మారుతూ పోయాడు. ప్ఫోర్ బొమ్మలో ఇద్దరూ సమానంగా, ఒకే ఎత్తులో వంగి ఉన్నారు. కంచు విగ్రహం ఒక్కటే, నిలబడి ఉంది. పక్కన ఇటాలియన్ లేడు. ఈ తేడా చిన్నది కాదు.

రోమ్‌లో 1833 సెప్టెంబరులో ప్రాచీన ఆలయం పాంథియన్‌లోని రఫాయేల్ సమాధి తవ్వి చూశారు. అస్థిపంజరం పూర్తిగా, తలతో సహా దొరికింది. అప్పటిదాకా రోమ్‌లోని సెయింట్ ల్యూక్ అకాడమీలో రఫాయేల్ పుర్రె అని ఒకదాన్ని భక్తితో దాచిపెట్టి చూపించేవారు. అది ఎవరిదో వేరే వాళ్లదని తేలిపోయింది. డ్యూరర్ చనిపోయినప్పుడు కత్తిరించిన జుట్టు ముడి ఆయన దగ్గర పనిచేసిన హాన్స్ బాల్డుంగ్‌కు వెళ్లింది. చేతులు మారి మారి అది చివరికి వియన్నా అకాడమీకి చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. ప్ఫోర్ విసిగి వదిలేసి వెళ్లిన అకాడమీ అదే.

ఆ మిత్రబృందంలోంచే ఇంకో రకం నివాళి కూడా వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్ఫోర్ చిన్ననాటి స్నేహితుడు యొహాన్ డేవిడ్ పాసావాంట్. అతనూ 1817లో రోమ్ వెళ్లి నజరేనులతో కలిసి చిత్రలేఖనం సాధన చేశాడు. చిత్రకారుడిగా పెద్ద పేరు రాలేదు. కానీ ఊరూరా తిరిగి, సంగ్రహాలు తెరిపించి, పత్రాలు చదివి, రఫాయేల్ మీదా అతని తండ్రి జొవాన్ని సాంతి మీదా 1839లో పుస్తకం తెచ్చాడు. ఏది రఫాయేల్ గీసింది, ఏది శిష్యులు గీసింది, ఏది ఎక్కడ ఉంది అని ఒక్కొక్కటి లెక్కకట్టాడు. 1840లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని కళాసంస్థ స్టేడల్‌కు ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. ఆల్బెర్టీనాలోని ఆ ఎర్ర సుద్ద కాగితం గురించి ఈ రోజు నిపుణులు అడిగే ప్రశ్నలు, రఫాయేల్ చేయా, శిష్యుడి చేయా, ఏ కుడ్యచిత్రానికి తయారీ అన్నవి, పాసావాంట్ లాంటి వాళ్లు అలవాటు చేసినవే. ఆ ఇద్దరు పురుషుల్లో ఒకరి భంగిమ వాటికన్‌లోని ఓస్తియా యుద్ధం కుడ్యచిత్రంలో కనిపిస్తుంది, దాన్ని పట్టుకునే నేటికీ వాదనలు సాగుతున్నాయి.